వేడి తెలియని చెయ్యి

ఆత్రేయపురంలో అమ్మణ్ణి తీసిన పూతరేకంటే పెళ్లివారు ఎగబడేవారు. గోదావరిమీద ఆనకట్ట కట్టి నలభై ఏళ్లు దాటిన రోజులవి. కాలవల్లో నీళ్లు, చేలల్లో వరి, కాస్త కలిగిన ఇళ్లల్లో పెళ్లికి పూతరేకులు. మొగుడు పోయి పన్నెండేళ్లయినా ఎవరి ముందూ చెయ్యి చాపకుండా, ఒక్కగానొక్క కూతురు సీతారామలక్ష్మిని పెంచి మొగల్తూరు సంబంధం చేసిందంటే అదంతా ఆ రేకుల చలవే.

పని చూడటానికి సులువే. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పలచటి గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండమీద ఒక్క లాగు లాగితే పొరలాంటి రేకు తయారవుతుంది. దాన్ని అంచు పట్టి పైకి తియ్యాలి. అక్కడే అందరికీ చుక్కలు కనిపిస్తాయి. ఎంత ఆరితేరిన మనిషైనా పది రేకులకోసారి వేళ్లు ఊదుకోవలసిందే. అమ్మణ్ణి మాత్రం రెండేళ్లుగా ఊదుకోవడం మానేసింది. చుట్టుపక్కల ఆడవాళ్లు పనిగట్టుకొని వచ్చి చూసి, చెయ్యి తిరగడమంటే ఇదీ అని బుగ్గలు నొక్కుకునేవారు. అమ్మణ్ణికీ లోలోపల గొప్పగానే ఉండేది. ఒకసారి వేలికొస బొబ్బెక్కి పగిలినా నొప్పి తెలియకపోతే, అదీ తన పనితనమే అనుకుంది. మెచ్చుకోవడానికి ఊరందరికీ తీరికే. ఆ వేలు ఒక్కసారి పట్టి చూడటానికి మాత్రం ఎవరికీ తీరలేదు.

ఆ ఏడు వానలు పట్టే వేళకు సీతారామలక్ష్మి తొలి పురుటికి పుట్టింటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని లోవమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, పెరట్లో కాళ్లు చాపుకు కూర్చొని, పసిగుడ్డును కాళ్లమీద వేసుకొని ఆముదం రాసి నీళ్లు పోసేది. కాగులో మరిగిన నీళ్లకు చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూసి, సరిపోయాయని చెప్పడం అమ్మమ్మ వంతు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వనంది అమ్మణ్ణి. మొదటి ఎనిమిది రోజులూ లోవమ్మ తాను కూడా ఒకసారి చెయ్యి ముంచి చూసుకునేది. తొమ్మిదోనాడు వేరే పురుటింటికి వెళ్లాలన్న తొందరలో అమ్మణ్ణి మాటే చాలనుకుంది.

తొలి చెంబు ధార పిల్ల పాదంమీద పడింది. పిల్ల గుక్కపట్టింది. తన కాలికీ చురుక్కుమనేసరికి లోవమ్మ చెంబు విసిరేసి పిల్లను ఎత్తుకుంది. లేత మడమ ఎర్రగా కమిలి పొంగుతోంది. అమ్మణ్ణి వేళ్లు ఇంకా ఆ నీళ్లలోనే ఉన్నాయి.

ఏమైందని సీతారామలక్ష్మి లోపలినుంచి కంగారుపడితే, లోవమ్మ తప్పంతా తనమీదే వేసుకుంది. మడమకు కొబ్బరినూనె, సున్నపు తేట కలిపి రాసి, పిల్లను నిద్రపుచ్చింది. తర్వాత అమ్మణ్ణిని గొడ్ల సావిట్లోకి తీసుకెళ్లి, చెప్పకుండానే ఆమె వేలికి తుమ్మముల్లు గుచ్చింది. నెత్తురు వచ్చింది. అమ్మణ్ణి ముఖంలో ఏ మార్పూ లేదు. మోచేతి దగ్గర ఎప్పటినుంచో ఉన్న తెల్లమచ్చను కూడా లోవమ్మ తడిమి చూసింది.

"అమ్మగారూ, ఇది పనితనం కాదండి. పెద్దరోగమండి. మా మేనమామకీ ఇలాగే మొదలయ్యిందండి."

కుష్ఠు అన్న మాట ఆమె నోట రాలేదు, రానక్కరలేదు కూడా. కాలవగట్టు గుడిసెల్లో వేళ్లూడిన మనుషులకు అమ్మణ్ణి ఎన్నోసార్లు ఆకులో అన్నం దూరంగా పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఇప్పుడు ఆమెకు తన గురించి భయం కలగలేదు. తల్లికి ఈ రోగమని మొగల్తూరులో తెలిస్తే కూతుర్ని గడప తొక్కనిస్తారా? అల్లుడు బుల్లియ్య మంచివాడే, కానీ మంచివాడు కన్నతల్లికి ఎన్నాళ్లని ఎదురుచెబుతాడు? పిల్లను తాను మళ్లీ ముట్టుకోకూడదు. ఎందుకు ముట్టుకోవడం లేదో కూతురికి తెలియకూడదు. లోవమ్మ చేత బిడ్డలమీద ఒట్టు వేయించుకుంది.

ఆ రోజే కుండ అటకెక్కించింది. అడిగినవాళ్లకు చూపు ఆనడం లేదని చెప్పింది. తన చేతి రేకులు ఎందరి నోళ్లలోకి వెళ్లాయో రాత్రిళ్లు ఒక్కో పెళ్లీ తలుచుకుంటూ లెక్కపెట్టుకునేది.

పనిలేక కూర్చున్న మనిషికి ఒకటే ధ్యాస. తన వేళ్లకు ఆఖరుసారి ఏమైనా తెలిసింది ఎప్పుడు? వెతుక్కుంది. పదేళ్ల కూతురికి జ్వరమొస్తే నుదురు చురచుర కాలింది. తెల్లవారుజామున ఇత్తడిచెంబు జిల్లుమనేది. నానిన బియ్యం పిసికితే వేళ్ల సందుల్లోంచి చల్లగా జారేది. రెండేళ్ల పిల్లప్పుడు సీతారామలక్ష్మి గోరుముద్ద తింటూ వేలు కొరికింది. కొరికినందుకు వీపుమీద ఒకటి తగిలించింది కూడా. ఇప్పుడు ఆ పంటిగాటు మళ్లీ తెలిస్తే చాలు, ఏమైనా ఇచ్చేసేది. మొగుడి చావు, కూతురి పెళ్లి ఎలాగూ మరపుకు రావు. ఇవి జారిపోతాయేమోనని రోజూ వరస తప్పకుండా తలుచుకునేది. మనవరాలి ఒళ్లు ఎలా ఉంటుందో మాత్రం ఆ వరసలో లేదు. తొమ్మిది రోజులు ఎత్తుకుంది గాని, వేళ్లకు ఏమీ అందలేదు. మోచేతులమీద బరువు తెలిసింది, అంతే.

కూతురికి ఇదంతా వేరేలా కనిపించింది. పిల్ల ఏడిస్తే తల్లి పెరట్లోకి పోతోంది. ఉయ్యాల ఊపమంటే నడుంనొప్పి అంటోంది. ఒళ్లో పెట్టబోతే కసురుకుంటోంది. లోవమ్మ నీళ్లు పోస్తున్నప్పుడు తల్లి తలుపు చాటున నిలబడి చూడటం మాత్రం సీతారామలక్ష్మికి కనిపించలేదు, పాపం.

మూడో నెలలో బుల్లియ్య పడవ మాట్లాడుకొని వచ్చాడు. గోదావరి రేవులో సీతారామలక్ష్మి బిడ్డను తల్లికి అందించబోయింది. అమ్మణ్ణి చేతులు కొంగులో చుట్టుకొని, చీర తడిపేస్తుంది, తీసుకుపొమ్మంది.

"ఇన్నాళ్లలో దాన్ని ముట్టుకోనైనా లేదు కదమ్మా నువ్వు. ఆడపిల్లనేగా?" అంది కూతురు.

అమ్మణ్ణికి దారి దొరికింది. ఆడపిల్ల వద్దనుకునే తప్పుకు ఎవరూ ఎవరినీ వెలివెయ్యరు. ఇంటింటా ఉన్నదే. విన్నవాళ్లెవరూ మరో కారణం వెతకరు. ముఖం బిగబట్టుకుంది.

"అవునే. మగపిల్లాణ్ణి కన్నాక రా," అంది.

సీతారామలక్ష్మి బిడ్డతో పడవెక్కి, తల్లివైపు వీపు పెట్టి కూర్చుంది. బుల్లియ్య ఒక్కడే వెళ్లొస్తామండి అని తలవంచుకొని చెప్పాడు. పడవ రేవు వదిలింది. కూతురి కోపం ఎన్నటికీ చల్లారకూడదని, సీతారామలక్ష్మి మళ్లీ ఈ ఊరి ముఖం చూడకూడదని, అమ్మణ్ణి గోదావరికి దణ్ణం పెట్టుకుంది.