ప్రేమ్ రాజ్ మేస్త్రి కట్టిన గోడ

ఎయిర్‌పోర్టు దగ్గరి గగన్‌పహాడ్‌లో మా మందిరం ఊడ్చేది యేసుమణక్క. ఊడ్చాక ప్రహరీగోడను ఒకసారి అరచేత్తో నిమురుతుంది. ఆమె పెనిమిటి ప్రేమ్ రాజ్ మేస్త్రి కట్టిన చివరి గోడ అది. దాని సున్నం ఆరకముందే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ చోట ఒకప్పుడు చెరువు అలుగు నీళ్ళు పోయే కాలువ ఉండేదట. ఎగువన ప్లాట్లకని మట్టి పోసి పూడ్చేశారు. ఏండ్లుగా చుక్క నీరు రాలేదు. మేమూ సంతోషంగా ప్రార్థన చేసుకొని అక్కడే పునాది తీశాం.

మొన్నటి వానలకు చెరువు అలుగు దుంకింది. ఆదివారం ఆరాధన మధ్యలో గోడ అవతల కేకలు. మెట్లెక్కి చూశాం. ఇటు వాకిట్లో మా చెప్పులు విడిచినచోటే ఉన్నాయి. అటు బస్తీలో నీళ్ళు గోడకు ఆనుకొని ఛాతీ ఎత్తున నిలిచాయి. మంచాలు, సిలిండర్లు తేలుతున్నాయి. మేం మరిచిన దారి నీళ్ళకు గుర్తుంది. ఆ దారి దేవుడు గీసిన గీత కాబోలు.

బస్తీలో ఉండి ఆటో నడిపే జిలానీ గడ్డపార పట్టుకొని అటునుంచి గోడెక్కాడు. కానీ కొడతలేడు.

"చర్చి గోడ నేనెట్ల కొట్టాలె? రేపు నలుగురు ఏమంటరు? మీరే చెప్పుండ్రి. మా ఇంటామె మసర్రత్ పిల్లనెత్తుకొని సజ్జ మీదున్నది. నీళ్ళు ఇంక ఎక్కుతున్నయి!"

అందరి చూపూ యేసుమణక్క మీదికే పోయింది. ఆమె గోడను నిమిరింది.

"ఇటియ్యి తమ్మీ."

"అక్కా, మేస్త్రి కట్టిండు గదా..."

"ఆయనుంటే నిన్ను గట్ల కూసోనిస్తుండెనా? ఇయ్యి!"

మూల మీది ఇటుక అక్క ఎంత పొడిచినా కదలదే!

"ఏం సిమెంటు మాల్ కలిపిండమ్మా నీ మొగుడు!" అన్నాడు సంఘపెద్ద దశరథం. అక్క ఏడుస్తూనే నవ్వింది. ఆఖరికి ఇటుక ఊడింది.

"ఇగ మెట్లెక్కక్కా!" అని జిలానీ గడ్డపార అందుకొని మిగతాది పెకలించాడు. మూల కూలింది. నీళ్ళు మా చెప్పులను, చాపలను ఈడ్చుకుంటూ పాత కాలువ దారినే ఉరికాయి. నెత్తి మీద విమానం పోతున్నా దాని మోత వినబడలేదు. ఒకరికొకరం చెప్పుకోకుండానే మెట్ల మీదే మోకరించాం.

నీళ్ళు తీశాక, తన ఇల్లే బురదలో ఉండగా మసర్రత్ మా చాపలు ఉతికి తెచ్చింది. జిలానీ ఇటుకలు ఏరి కుప్ప పెట్టాడు. మళ్ళీ కడదామన్నారు పెద్దలు. అక్క వద్దంది.

"నీళ్ళ బాట నీళ్ళకు ఇడువుండ్రి. ఆ ఇటుకలతోని మసర్రత్ గడపకు అరుగు కట్టుండ్రి, జర ఎత్తుగ."

ఇప్పుడు మందిరం ఊడ్చాక అక్క ఆ సందులోంచి అవతలికి వెళ్ళి అరుగు మీద కూర్చుంటుంది. మసర్రత్ చాయ్ తెస్తుంది. తాగినంతసేపూ అక్క ఎడమ అరచెయ్యి ఇటుకల మీదే ఉంటుంది.