అందరికీ నచ్చిన షార్ట్స్

2022. కరోనా భయం సద్దుమణిగి జనం మళ్లీ ధైర్యంగా పెళ్లిళ్లు పెట్టుకుంటున్న ఏడాది. చిలకలూరిపేటలో హైవేకి ఒక సందు లోపలగా ఉంటుంది నా టైలరింగ్ షాపు. బోర్డు మీద 'లేడీస్ టైలర్స్' అని పెద్దక్షరాల్లోనూ, దాని కింద 'స్పోర్ట్స్ వేర్' అని చిన్నక్షరాల్లోనూ ఉంటుంది. గుంటూరులో హోమ్ సైన్స్ డిగ్రీ చదివినందుకు గుర్తుగా ఆ రెండో లైను రాయించాను. మొదటి లైను అన్నం పెడితే రెండోది గౌరవం పెడుతుందనుకున్నాను. ఆ లైను చూసి వచ్చినవి ఎక్కువగా మోకాళ్ల దగ్గర చిరిగిన స్కూలు పిల్లల ట్రాక్ ప్యాంట్లు.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో విజయ వచ్చింది. ప్రైవేటు స్కూల్లో పీఈటీ, అంటే పిల్లల చేత ఆటలాడించే టీచరు. లావు టైర్లు, గేర్లు ఉన్న సైకిల్ని గోడకి ఆనించి లోపలికొచ్చింది. మా ఊళ్లో ఆడవాళ్లు సైకిలు దాటి స్కూటీ దాకా వెళ్లి చాలా కాలమైంది. అక్కణ్ణుంచి వెనక్కొచ్చిన మనిషిని చూడటం నాకదే మొదలు.

"మేడమ్, షార్ట్స్ కుడతారా?"

"కుడతానండి. బాబుకా?"

"నాకే."

సంచిలోంచి ఒక షార్ట్స్ తీసి కటింగ్ టేబుల్ మీద పరిచింది. "ఆన్‌లైన్‌లో తెప్పించా. ఆడవాళ్లదని రాశారు. వచ్చాక చూస్తే మగాళ్లదే. పక్కన గులాబీ రంగు గీత వేశారంతే."

వేసుకుని చూపిస్తే, ఆమె చెప్పింది నిజమే. తుంటి దగ్గర పట్టేస్తోంది, నడుం దగ్గర వదులు. ముందుకు వంగితే వెనక జేబంత సందు తెరుచుకుంటోంది.

కొండవీటి కొండ వెనక మట్టిదారిలో మౌంటెన్ బైక్ పోటీ పెడుతున్నారట. ముప్పై దాటిన ఆడవాళ్లకి విడిగా ఒక రేసు. మొదటొచ్చినామెని రాష్ట్రస్థాయికి పంపుతారు.

"డిగ్రీలో యూనివర్సిటీ టీముకి తొక్కానక్కా," అంది. మేడమ్ కాస్తా అక్క అయినప్పుడే నాకర్థమైంది, ఈ షార్ట్స్ చిన్న సంగతి కాదని. "పెళ్లయ్యాక ఇదే మొదలు. ఇంట్లో ఈ ఒక్కసారికి సరేనన్నారు. గెలిస్తే తర్వాతి పోటీకి కూడా పంపక తప్పదు గదా. గెలవకపోతే సైకిలు మా ఆడపడుచు కొడుక్కిచ్చేస్తానని మాటిచ్చా."

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. మౌంటెన్ బైక్ షార్ట్స్‌ని బ్యాగీ అంటారు. బ్యాగీ అంటే ఒక సైజు పెద్దది కొనుక్కోవడం అని చాలామంది అనుకుంటారు. కాదు. నడుం దగ్గర అది ఒంటికి అతుక్కునే ఉండాలి. వదులు తొడల దగ్గర, మోకాలి దగ్గర మాత్రమే. కూర్చుని వంగే మనిషికి వెనక నడుం భాగం ముందుకంటే ఎత్తుగా కత్తిరించాలి. రెండు కాళ్లూ కలిసే చోట నాలుగు కుట్లు ఒక్కచోట గుమిగూడితే సీటు మీద అవి ముల్లులా గుచ్చుకుంటాయి. అందుకని అక్కడ పతంగి ఆకారంలో ఒక ముక్క వేస్తాం, దాన్ని గస్సెట్ అంటారు. గుడ్డ నాలుగు వైపులా సాగే నైలాన్ అయ్యుండాలి. లోపల మెత్తటి ప్యాడ్ ఉన్న లైనర్ విడిగా వేసుకోవాలి. ఆడవాళ్ల కూర్చునే ఎముకలు ఎడంగా ఉంటాయి కనక ప్యాడ్ వెనకవైపు వెడల్పుగా ఉండాలి. ఆ లైనర్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడు నా షాపులో కుట్టు మిషన్లన్నీ ఎందుకో ఒకేసారి ఆగిపోతాయి.

నల్లటి నైలాన్ తెప్పించి కుట్టాను. విజయ అది వేసుకుని, పొద్దున్నే సందులో జనం లేని వేళ సైకిలెక్కి చివరిదాకా వెళ్లింది. సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది. మళ్లీ కూర్చుంది. తిరిగొచ్చి నా ముందు బ్రేకు వేసింది.

"అక్కా, ఏమీ తెలీట్లేదు."

"ఏం తెలీట్లేదు?"

"వేసుకున్నట్టే తెలీట్లేదు."

మా వృత్తిలో ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు. నాకది ఒక్కసారే వచ్చింది, అదీ ఎక్కువసేపు నిలవలేదు.

మర్నాడు ఆమె భర్త శ్రీనివాసరావు వచ్చాడు. జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. మంచి మనిషి. షార్ట్స్‌ని కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి తెచ్చాడు.

"నాకేం అభ్యంతరం లేదండి. తొక్కమని చెప్పిందే నేను. కాకపోతే ఫొటోలవీ తీస్తారు గదా. మోకాలి దగ్గర కొంచెం..."

"మోకాలి కిందికే ఉందండి."

"నించున్నప్పుడు. తొక్కేటప్పుడు మోకాలు పైకి లేస్తుందిగా?"

"లేస్తుందండి. లేవకపోతే సైకిలు కదలదు."

"అందుకేనండి, ఓ రెండంగుళాలు."

రెండంగుళాలు దించడానికి మడతలో గుడ్డ లేదు. కింద పట్టీ అతికించాను. అది చూడ్డానికి ఈసారి అత్తగారు రత్తమ్మ గారు విజయని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చారు. గుడ్డని బొటనవేలుతో నలిపి చూశారు.

"ఇదేం గుడ్డమ్మాయ్, గొడుగు గుడ్డా?"

"నైలానండి. చెమట పీల్చదు, త్వరగా ఆరిపోద్ది."

"మా చేలో పండేది పత్తి. మా అబ్బాయి పనిచేసేది పత్తి మిల్లులో. నా కోడలు గొడుగు చుట్టుకుని ఎండలో తిరగాలా? ఒళ్లు పేలిపోద్ది. దీనికి అసలే చెమటకాయలు."

ఆమె మాటలో వెటకారం కొంతే, మిగతాదంతా ప్రేమ. అదే ఇబ్బంది. వెటకారానికైతే నేను జవాబు చెప్పగలను.

మా వైపు బట్ట సరిపోయిందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. వేసుకున్న మనిషిని అద్దం ముందు నిలబెడతారు. వెంటొచ్చిన పెద్దవాళ్లు పక్కనుంచి గుడ్డ పట్టుకుని లాగుతారు. గుప్పెడు చేతికొస్తే సరిపోయినట్టు. లోపలున్న మనిషి ఈ పరీక్షలో ఒక హ్యాంగరు. రత్తమ్మ గారు లాగి చూశారు. గుప్పెడు రాలేదు.

"పట్టేసినట్టుంది. వదులు చెయ్యి. కాటన్‌తోనే కుట్టు."

కాటన్ సాగదు. సాగని గుడ్డతో కాళ్లాడాలంటే కాళ్లు కలిసే చోట కోత కిందికి దించాలి. అప్పుడా గుడ్డ సంచిలా వేలాడుతుంది. సీటు ముందున్న కొసని శాడిల్ ముక్కు అంటాం. నిలబడి తొక్కి మళ్లీ కూర్చునేటప్పుడు ఆ సంచి ముక్కుకి తగులుకుంటుంది. ఈ సంగతి రత్తమ్మ గారికి చెప్పాను. సాయంత్రం ఫోన్‌లో శ్రీనివాసరావు గారికీ చెప్పాను.

"నెమ్మదిగా తొక్కుద్దిలెండి," అన్నాడు.

"రేసులోనా అండీ?"

"అంటే, మొదట్లో."

విజయకి విడిగా చెప్పాను. ఆమెకి నేను చెప్పక్కర్లేదు, నాకంటే బాగా తెలుసు. "కానివ్వండక్కా," అంది. "వాళ్లు ఒప్పుకోవడమే గొప్ప. దీని దగ్గర మళ్లీ మొదలైతే మొత్తానికే ఆగిపోద్ది."

కాటన్‌తో కొత్తది కుట్టాను. పొడుగు శ్రీనివాసరావు చెప్పినంత, వదులు అత్తగారు చెప్పినంత. డిగ్రీలో నాకు డ్రాఫ్టింగ్, అంటే కొలతలు కాగితం మీద గీయడం నేర్పిన లెక్చరర్ గారు చూసుంటే లంగా బాగా కుదిరిందని మెచ్చుకునేవారు. ముగ్గురూ కలిసొచ్చిన రోజు విజయ అది వేసుకుని అద్దం ముందు నిలబడింది. రత్తమ్మ గారు లాగారు. గుప్పెడు గుడ్డ చేతికొచ్చింది.

"ఇప్పుడు బాగుంది. ఒంటికి గాలి తగుల్తది," అన్నారు.

"ఫొటోలో కూడా బానే ఉంటుంది," అన్నాడు శ్రీనివాసరావు.

"ఒక్కసారి సైకిలెక్కి చూస్తే..." అన్నాను.

రత్తమ్మ గారు బయటికి చూశారు. ఎదురుగా టీ బంకు దగ్గర మిల్లు లారీల డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని నిలబడున్నారు. "ఇప్పుడు రోడ్డు మీద ఎందుకులేమ్మా. ఆ రోజు ఎట్టాగూ ఎక్కుద్దిగా."

విజయ అద్దంలో నా వైపు చూసి, "బానే ఉందక్కా," అంది.

పోటీ రోజు షాపు మూసి వెళ్లాను. నా పనితనం కొండెక్కే అవకాశం మళ్లీ రాదని. హ్యాండ్‌బ్యాగులో మొదటి నల్ల షార్ట్స్ పెట్టుకున్నాను. పట్టీ విప్పేసి, మొదట ఉన్నట్టే చేసి. టెంటు వెనక విజయని పట్టుకుని చూపించాను.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. నడుం పట్టీ సాగదీసి వదిలింది. టెంటు సందులోంచి అవతలికి చూసింది. శ్రీనివాసరావు నీళ్ల సీసా, గ్లూకోజు పట్టుకుని నిలబడున్నాడు. రత్తమ్మ గారు మజ్జిగ క్యాను పక్కన కుర్చీ వేసుకుని, పక్కనున్నావిడతో "మా కోడలే" అని చెబుతున్నారు.

"వద్దులే అక్కా. ఇంత ముచ్చటపడి వచ్చారు. ఈ పూట గొడవెందుకు," అని నా బ్యాగులో తిరిగి పెట్టేసింది.

మొదట్లో విజయ ముందుంది. చదునైన దారిలో ఎవరూ ఆమె దరిదాపుల్లో లేరు. శ్రీనివాసరావు దారి పక్కన పరిగెడుతూ "తొక్కు విజయా, తొక్కెయ్!" అని అరిచాడు. మిల్లులో కూడా అంత గట్టిగా అరిచుండడు. ఆ తర్వాత రాళ్ల ఎక్కుడు వచ్చింది. విజయ సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది, మలుపులో కూర్చోబోయింది. గుడ్డ శాడిల్ ముక్కుకి తగులుకుంది. సీటు మీదికి రాలేక, నేల మీద కాలు పెట్టలేక, సైకిలుతో పాటు నెమ్మదిగా పక్కకి ఒరిగిపోయింది. పెద్ద దెబ్బేం కాదు. లేచి, గుడ్డ విడిపించుకుని మళ్లీ ఎక్కింది. ఇంకొంచెం పైకెళ్లాక మళ్లీ అదే. అప్పటికి కాటన్ చెమట తాగి బరువెక్కి మోకాళ్లకి అతుక్కుపోయింది. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే దాటుకుంటూ వెళ్లారు. ఆమె ఒక చేత్తో గుడ్డ పిడికిట్లో పట్టుకుని, ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని రేసు పూర్తి చేసింది. చివర్నుంచి వెతికితే త్వరగా దొరికే స్థానంలో.

రత్తమ్మ గారు పమిట చెంగు తడిపి ఆమె మోచేతి మీద మట్టి తుడుస్తున్నారు. ఆవిడ కళ్లల్లో నీళ్లున్నాయి.

"తగులుకుంటదని ఈ టైలరమ్మ చెప్తానే ఉంది. మాకేం తెలుసు సైకిళ్ల సంగతి? నీకు తెలుసు గదా అమ్మాయ్. నువ్వు చెప్పొచ్చుగా! చెప్తే వినమా?"

విజయ బూటు లేసు కట్టుకుంటోంది. తలెత్తకుండానే, "అడిగితే చెప్పేదాన్నే అత్తయ్యా," అంది. కోపంగా కాదు. హాజరు పలికినట్టు అంది.

శ్రీనివాసరావు ఏదో గుర్తొచ్చినట్టు వెళ్లి సైకిల్ని ట్రాలీ ఆటోలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. వేసవి సెలవుల్లో అది ఆడపడుచు కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఇవ్వక్కర్లేదని ఆయనే అన్నాడట. "మాటంటే మాటే, నాకే మోజు పోయింది," అందట విజయ.

ఆ పోటీ తర్వాత నా షాపులో రెండు మార్పులొచ్చాయి. ట్రయల్ రూమ్‌లో పాత సైకిలొకటి స్టాండు మీద బిగించి పెట్టాను. చక్రాలు లేవు, సీటూ పెడళ్లూ ఉన్నాయి. షార్ట్స్ కొనేవాళ్లకి, కుట్టించుకునేవాళ్లకి నేను చెప్పేదీ అదే: అద్దం ముందు నిలబడి కాదు, సీటు మీద కూర్చుని, వంగి, లేచి, మళ్లీ కూర్చుని చూసుకోండి. సైకిలు మీద నిలువుటద్దం ఉండదు. రెండోది, వెంటొచ్చినవాళ్లకి బయట బెంచీ వేసి టీ చెబుతాను. తలుపు వేశాక లోపలున్న మనిషిని అడుగుతాను, ఎలా ఉందని. చాలామంది ఆ ప్రశ్నకి కంగారుపడతారు. కొత్త కదా.

కిందటేడు విజయ ఎవరిదో పెళ్లికని చుడీదార్ గుడ్డ తెచ్చింది. టేపు తీయకముందే అడిగాను.

"విజయా, నీకెలా ఉంటే బాగుంటుంది?"

ఆమె నా ముఖం కేసి చూసింది. గుడ్డ కేసి చూసింది. చాలాసేపు ఆలోచించింది.

"ఏమోనక్కా. ఆయన్నడిగి ఫోన్ చేస్తా."

చేసింది. కొంచెం వదులుగా ఉండాలన్నారట. వదులుగానే కుట్టాను.

ట్రయల్‌కి వచ్చినప్పుడు లోపలికెళ్లి తలుపేసుకుంది. పోటీ రోజు నా బ్యాగులో తిరిగొచ్చిన నల్ల షార్ట్స్ ఆ తలుపు వెనక కొక్కేనికి ఇప్పటికీ వేలాడుతూనే ఉంది. చుడీదార్ వేసుకోవడానికి పట్టే టైమ్ దాటిపోయింది. కాసేపటికి లోపల పెడళ్లు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. నేను మిషన్ ఆపి కూర్చున్నాను.

చప్పుడు ఆగింది. ఇంకాసేపటికి విజయ చుడీదార్‌తో బయటికొచ్చింది. నుదుటి మీద చెమట.

"ఎలా ఉంది?" అన్నాను.

పక్కనుంచి గుడ్డ పట్టుకుని తనే లాగి చూసుకుంది.

"ఇంకొంచెం వదులు చెయ్యండక్కా," అంది.