ఆదిత్యపూర్‌లో హౌసింగ్

నేను తెలివితక్కువవాణ్ణన్న సంగతి ఒప్పుకోవడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. నా భార్యకు అది పెళ్ళయిన పాతికో రోజుకే తెలుసట. మర్యాదస్తురాలు కనక ఆవిడ బయటపెట్టలేదు. బయటపెట్టింది కారు.

కారు ఎంత నిజాయితీ గల మాటో కొన్నాక గాని నాకు బోధపడలేదు. నేను కారతాను అని పేరులోనే చెప్పుకుంది పాపం. మొదటి నెల నూనె కారింది. రెండో నెల నీళ్ళు కారాయి. మూడో నెల నుంచి నా జీతం కారడం మొదలైంది. నూనె కిందైతే పళ్ళెం పెట్టి పట్టుకోవచ్చు. జీతం కింద పెట్టే పళ్ళెం సాక్చి బజారంతా తిరిగినా దొరకదు. కార్ఖానాలో సంపాదించింది కారు ఖానాకే చాలేది కాదు.

మా వాళ్ళు ఉన్నవాళ్ళు కారు, కార్లున్నవాళ్ళు అసలే కారు. తాత శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ వచ్చాడు. నాన్న ఏ సైకిలు మీద ఉద్యోగంలో చేరాడో ఆ సైకిలు మీదే రిటైరయ్యాడు. నేనూ ఆ దారినే పోయి ఫిట్టర్నయ్యాను. గేరుబాక్సులు విప్పడం, బాగుచేయడం, బిగించడం నా పని. బారిడీహ్‌లో కంపెనీ క్వార్టరు, రెండు గదులు, అందులో నేనూ నా భార్యా మా అమ్మాయీ. క్వార్టర్లలో కాపురాలు చేసేవాళ్ళందరికీ ఒకటే బెంగ. రిటైరైన నాడు తాళం తిరిగి ఇచ్చెయ్యాలి. ఆలోగా సొంత తాళం వేసుకోవడానికి ఎక్కడో ఒక తలుపు చూసుకోవాలి.

నా భార్య చూసుకుంది. ఖర్కాయి నది దాటాక ఆదిత్యపూర్‌లో లేస్తున్న ఒక బిల్డింగు, అందులో మూడో అంతస్తు, రెండు పడగ్గదులు. ఒక గది అమ్మాయికి. అప్పటికి అది ఎనిమిదో క్లాసు. వంటింటి గుమ్మంలో కూచుని, పోపు వేసినప్పుడల్లా తుమ్ముతూ చదువుకునేది. వాళ్ళమ్మ పదేళ్ళు జాకెట్లు కుట్టి, తెలుగు ఆడవాళ్ళ చీటీలో చేరి, ఆ డబ్బు ఫ్లాటు అడ్వాన్సుకని బ్యాంకులో వేసింది. మొగుడి పేరు కూడా ఉంటే అందంగా ఉంటుందని ఇద్దరి పేర్ల మీదా వేసింది. ఆ అందం ఎంత ఖరీదైందో తర్వాత చెబుతాను.

ముందు కారు సంగతి. మా డిపార్ట్‌మెంటులోనే పనిచేసే ఒక స్నేహితుడు నాకు ఈ పిచ్చి అంటించాడు. మా మధ్య చుట్టరికమేమీ లేదు గాని, మా వైపు వాళ్ళ అలవాటు కొద్దీ బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక పెద్ద ఆఫీసరు ఇంటి వెనక, టార్పాలిన్ కింద పడుకున్న పాత కారుని నాకు చూపించింది అతనే. ఇద్దరు పిల్లలు రెండు చేతులు చాపితే అందేంత చిన్న కారు. గుండ్రటి దీపాలు, పాలమీగడ రంగు.

"బావా, ఇల్లంతావా, ఎవుడైనా కడతాడు. ఇలాటి బండి ఎంతమందికుంటాది?" అన్నాడు.

అతనికి రెండిళ్ళున్నాయి. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

అబద్ధమెందుకు, సుఖపడలేదని అనను. ఆదివారం పొద్దున్న బానెట్ ఎత్తి, చేతులకు గ్రీజు పూసుకుని, చెవి ఇంజను దగ్గర పెట్టి కూచుంటే నా వయసు సగానికి పడిపోయేది. కార్ఖానాలో నేను విప్పిన యంత్రాలు వేలున్నాయి, వాటిలో ఒక్కటీ నాది కాదు. ఇదొక్కటే నాది. మా ఆవిడ టీ తెచ్చి బంపరు మీద పెట్టి వెళ్ళేది. నిలబడి రెండు మాటలు మాట్లాడుతుందేమోనని నేనూ తలెత్తి చూసేవాణ్ణి కాదు, తలెత్తి చూస్తానేమోనని ఆవిడా ఆగేది కాదు. గాడీ కొన్నాక సంసారం గాడి తప్పడమంటే కేకలూ ఏడుపులూ అనుకునేవాణ్ణి. చల్లారిపోయిన టీ అని తెలియదు.

రెండో ఏడు గేరుబాక్సు హౌసింగ్ పగిలింది. లోపలి పళ్ళచక్రాలను కప్పి ఉంచే ఇనప తొడుగుని మేం హౌసింగ్ అంటాం. ఆ కారుకి అది దేశంలో ఎక్కడా దొరకదన్నారు. ఆదిత్యపూర్‌లో చిన్న వర్క్‌షాపు నడిపే ఒక పెద్దాయన మాత్రం పాతదాన్ని చూసి చెక్కతో అచ్చు చేయించి, ఇనుము పోత పోయించి, లేతు మిషను మీద తిప్పి ఇస్తానన్నాడు. ఒక్క పీసు కోసం ఇంత తతంగం కనక డబ్బు ముందే ఇమ్మన్నాడు. నేను మా ఇద్దరి పేర్లున్న పాసుబుక్కు పట్టుకుని బ్యాంకుకెళ్ళాను. దసరా పూజలకి బోనస్ వస్తుంది, రాగానే మళ్ళీ నింపేస్తాను, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర మనసులో ముల్లు గుచ్చుకుంది. సగమైనా చెబుదామనిపించింది.

"ఆదిత్యపూర్‌లో హౌసింగ్‌కి అడ్వాన్సు ఇచ్చేను" అన్నాను.

దేవుడి మీద ఒట్టు, నేను చెప్పింది ఇనుము గురించే. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా నోట్లో ఆ మాటకి వేరే అర్థం లేదు. కానీ ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మొహం మీదికి ఒక వెలుగు వచ్చింది. పెళ్ళినాటి ఫొటోలో తప్ప నేనది ఎక్కడా చూడలేదు.

"నిజంగానేటి? నాకొక మాట సెప్పకూడదా, నానూ వచ్చీదాన్ని కదా" అంది.

అమ్మాయి పుస్తకం మూసేసింది. మేం తెలుగులో అడిగితే అది హిందీలో జవాబిచ్చే రకం. "పాపా, మేరా అలగ్ కమరా హోగా నా?" అని అడిగింది. నాకు వేరే గది ఉంటుంది కదా అని.

అప్పుడు నోరు తెరిచాను. తెరిచిన నోట్లో అన్నం ముద్ద పెట్టుకున్నాను. నా జీవితంలో నేను మింగినవాటిలో అరగనిది అదొక్కటే.

తర్వాత మూడు వారాలు ఇంట్లో పండగ. ఆవిడ కుట్టుమిషను టేపుతో క్వార్టరు గోడలు కొలిచి, అక్కడ ఏది ఎక్కడ పెట్టాలో అమ్మాయి నోటుబుక్కులో గీసింది. సాక్చి వెళ్ళి నీలం గుడ్డ కొనుక్కొచ్చి, ఇంకా లేవని కిటికీకి కర్టెన్లు కుట్టింది. చీటీ ఆడవాళ్ళకి స్వీట్లు పంచింది. అసలు బిల్డింగు ఏ అంతస్తు దగ్గర ఉందో గాని నా అబద్ధం మాత్రం రోజుకొక అంతస్తు చొప్పున లేచింది. పునాది అక్కర్లేనివి తొందరగా లేస్తాయి. ఈ రోజు చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ డ్యూటీకి పోయేవాణ్ణి. అంతలో కర్టెన్లకి కుచ్చులు కూడా వచ్చేశాయి.

ఒక రోజు నేను పొద్దుటి షిఫ్టులో ఉండగా వర్క్‌షాపు పెద్దాయన ఫోను చేశాడు. కార్ఖానాలో ఫోను ఎత్తలేం కనక నేనే ఆయనకి ఇంటి నంబరు కూడా ఇచ్చి ఉన్నాను. మా ఆవిడ ఎత్తింది. హౌసింగ్ తయారైంది, వచ్చి తీసుకెళ్ళండి అన్నాడట హిందీలో. తీసుకెళ్ళమంటే తాళాలనుకుంది. ఇంత తొందరగానా అని ఆశ్చర్యపడిందట గాని, మంచి మాటని ఎవరు అనుమానిస్తారు? పట్టుచీర కట్టుకుంది. షేర్ ఆటోలో సాక్చి దాకా వెళ్ళి కొబ్బరికాయ, అరటిపళ్ళు, పసుపు, కుంకుమ కొంది. ఇంకో ఆటో మాట్లాడుకుని నది దాటింది.

అక్కడ జరిగింది ఆవిడ చెప్పలేదు. తర్వాత పెద్దాయనే చెప్పాడు, చాలా సంతోషంగా. ఆటో దిగి లేతుల మధ్య పట్టుచీరతో నిలబడిందట. హౌసింగ్ ఎక్కడని అడిగిందట. ఆయన నూనెగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. ఆవిడ చేతిలో కొబ్బరికాయ చూసి ఆయన మనసు కరిగిపోయింది. ఇన్నేళ్ళలో మా పనికి పూజ చేయడానికి ఒక్క గిరాకీ ఇంటావిడైనా రాలేదు భాభీ అని, కాయ అందుకుని, ఇనుము మీద నీళ్ళు చల్లి, పసుపూ కుంకుమా పెట్టించి, ఆ కాయ తనే కొట్టాడు. కుర్రాళ్ళందరికీ ముక్కలు పంచాడు. సగం చిప్ప ప్రసాదమని ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ బొట్టు పెట్టమన్నచోట బొట్టు పెట్టిందట.

రెండు దాటాక నేను ఇంటికొచ్చేసరికి ఆ హౌసింగ్ వంటింటి గుమ్మంలో, అమ్మాయి చదువుకునే చోట, పాత పేపరు మీద ఉంది. బొట్టుతో. ఆవిడ పట్టుచీర మార్చుకోలేదు.

"మీ హౌసింగొచ్చినాది" అంది. "దీన్లో మనం ముగ్గురం ఎక్కడ పడుకుంటామో సూపించండి."

కేక వేసి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. నేను బూట్లు విప్పడం మొదలుపెట్టాను, చాలాసేపు విప్పాను. మర్నాడు ఇడ్లీలోకి ఆ చిప్పతోనే పచ్చడి చేసింది. తిన్నాను. ఉప్పు సరిపోయింది.

బోనస్ వచ్చి పాసుబుక్కు నిండేసరికి ఆ మూడో అంతస్తు ఎవరో తీసుకున్నారు. తర్వాత ఏడు ధర పెరిగింది, ఆ తర్వాత ఏడు ఇంకా పెరిగింది. నీలం కర్టెన్లు ట్రంకుపెట్టెలోకి పోయాయి. ఆవిడ నన్నెప్పుడూ ఎత్తిపొడవలేదు. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. నేను ఏ ఇంగ్లీషు ముక్క పలికినా, అది ఇన్సూరెన్సు గానీ ఇన్‌కంటాక్సు గానీ, ఆగి, "అంటే మన బాసలో ఏటి?" అని అడిగేది. వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవడానికే. అందుకే ఎక్కువ బాధ. కారు బాగుపడ్డాక ఎక్కమంటే ఎక్కేది, వెనక సీట్లో కూచునేది. చూసేవాళ్ళు నన్ను డ్రైవరనుకునేవారు. వాళ్ళది తప్పు కాదు.

చివరికి రిటైర్‌మెంటుకి ఏడాది ముందు ఆదిత్యపూర్‌లోనే, ఆటోవాళ్ళు రామని మొరాయించే సందులో, ఒక పడగ్గది ఫ్లాటు కొన్నాం. అప్పటికి అమ్మాయి రాంచీ హాస్టల్లో ఉంది, అక్కణ్ణించే ఉద్యోగానికి పోయింది. దానికి సొంత గది అని ఒకటి మా ఇంట్లో ఎప్పుడూ లేదు. పండక్కి వస్తే హాల్లో పడుకుంటుంది. నేను రాత్రి మంచినీళ్ళకి లేచినప్పుడు దాని కాళ్ళు దాటుకుని వెళ్ళాలి. దాటినప్పుడల్లా లెక్క తేలిపోతుంది, ఏ కాగితమూ అక్కర్లేదు.

కిందటేడు కారు అమ్మేద్దామన్నాను. మా ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఫ్లాటుకి ఆఖరి వాయిదా మిగిలి ఉందని మాత్రం గుర్తుచేసింది. కొంటానని వచ్చినవాడు ఎవరో కాదు, బావే. ఇన్నేళ్ళూ మా ఇంటి టీ తాగుతూ, బండిని పొగుడుతూ, ఒక్క స్పానరైనా పట్టుకోనివాడు. రిటైర్‌మెంటు డబ్బులొచ్చేసరికి అతనికీ పురుగు కుట్టింది. ధర కుదిరాక తీసుకెళ్ళడానికి ఒక ఆదివారం భార్యతో సహా వచ్చాడు.

బావ భార్య కారు చుట్టూ తిరిగి చూసింది. డబ్బు సంచీ ఆవిడ చంకలోనే ఉంది.

"అన్నయ్యగోరూ, ఇంక కరుసేటీ లేదంట కదా? తుడుసుకుని నడుపుకోడమేనంట, ఈయన సెప్పినారు" అంది.

బావ ఆవిడ వెనక నిలబడి నాకు కన్ను గీటాడు. అవునని అంటే చాలు. మా ఆవిడ నా మొహం కేసే చూస్తోంది, ఆఖరి వాయిదా చేతికందేంత దూరంలో ఉంది.

"కూకోమ్మా, రాసిత్తాను" అన్నాను.

మా ఆవిడ లోపలికెళ్ళి నా కళ్ళజోడూ ఒక తెల్లకాగితమూ తెచ్చింది. ఏం పాడైందో, ఏది పాడవబోతోందో, ఏది ఎక్కడా దొరకదో, దొరికితే ఎన్నాళ్ళు తిప్పుతారో అన్నీ రాశాను. ఒక పక్క చాల్లేదు. తిప్పి రాశాను. ధర తగ్గించమంటే తగ్గిస్తానని కూడా కింద రాశాను. బావ మొహం ఎర్రగా చేసుకుని, "ఉత్తినే బెదిరిత్తన్నాడు, మాటంటే మాటే" అని భార్య చేత మొత్తం డబ్బూ ఇప్పించాడు. నేను కాగితం నాలుగు మడతలు పెట్టి అతనికి కాకుండా ఆవిడ చేతికిచ్చాను.

కారు కదిలింది. అద్దాలు దించి ఉన్నాయి. సందు చివర మలుపు తిరిగేదాకా ఆవిడ పైకి చదువుతూనే ఉంది, ఇంకా మొదటి పక్కే.