సువార్త కథకు ఊ కొట్టిందెవరు

రెండు వేల ఇరవై మూడు వేసవి. ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఒక సందు, ఆ సందులో మా ఇల్లు, ఇంటి ముందుగదే నా తరగతి. విదేశాలకు పోవాలనుకునే నర్సులకు, వెల్డర్లకు, కంప్యూటరు ఉద్యోగులకు ఇంగ్లీషు పరీక్షలో మాట్లాడడం నేర్పిస్తాను. బడి ముఖం చూడని నాకు ఈ పని ఎట్లా అబ్బిందని చాలామంది అడుగుతారు. చిన్నప్పుడు జబ్బుచేసి ఏళ్ల తరబడి మంచం మీదే ఉన్నాను. జిన్నింగు మిల్లులో గుమాస్తాగా ఉన్న మా నాయన సాయంత్రం ఇంటికొచ్చి, ఇంగ్లీషు పేపరు గట్టిగా చదివి, ఒక్కో వాక్యానికీ అర్థం చెప్పేవాడు. నా పని ఊ కొట్టడం. నేను ఊ అనకపోతే చదవడం ఆపేసి, "నిద్రపోయినావామ్మా?" అనేవాడు. ఆ నాయనను, నన్ను లేపి కూర్చోబెట్టిన మంత్రాలయం స్వామిని తలచుకోకుండా ఈ రోజుకూ పాఠం మొదలుపెట్టను.

ఊ సంగతి ముందే ఎందుకు చెప్పానంటే, నా పనిలో నేను మరిచిపోలేని కేసు దాని చుట్టూనే తిరిగింది.

సువార్త ఆదోనిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త బళ్లారి వైపు ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. ఏడేళ్ల కూతురు ఎమ్మిగనూరులో అత్త దగ్గర పెరుగుతోంది. ముగ్గురూ మూడు ఊళ్లలో.

"గల్ఫుకు పోగూడదా? తొందరగా అయిపోతాది గదా," అన్నాను మొదటిరోజు.

"గల్ఫుకైతే నేనొక్కదాన్నే పోవల్లక్కా. అప్పుడు మాకు ఇంకొక ఊరు ఎక్కువయితాది, అంతే. ముగ్గురం ఒకే ఇంట్లో పండుకునే దేశం కావల్ల నాకు."

ఆమె కోరుకున్నది కెనడా పీఆర్. పర్మనెంట్ రెసిడెన్స్, అంటే కుటుంబంతో సహా అక్కడే స్థిరంగా ఉండే హక్కు. దానికి మనిషిని పాయింట్లతో తూస్తారు. వయసుకు కొన్ని, చదువుకు కొన్ని, చేసిన పనికి కొన్ని, భాషకు కొన్ని. ముప్పై వచ్చినప్పటి నుంచి ప్రతి పుట్టినరోజూ వయసు పాయింట్లలో కొంత కోసుకుపోతుంది. సువార్త పుట్టినరోజు ఆగస్టులో. ఆ లోపల స్కోరు రాకపోతే ఆమెకు కావలసిన పాయింట్లు అందవు. చదువునూ అనుభవాన్నీ ఉన్నపళాన పెంచుకోలేం, ఇంగ్లీషు ఒక్కటే పెంచుకోగలం. ఆమె అప్పటికే ఒకసారి పరీక్షకు పోయి వచ్చింది. చదవడం, రాయడం, వినడం బాగానే వచ్చాయి. స్పీకింగ్ దగ్గర పడిపోయింది.

"ఏమయిందమ్మా ఆడ?"

"క్యూ కార్డ్ అక్కా."

క్యూ కార్డ్ అంటే ఒక విషయం రాసి ఇచ్చే చీటీ. ఒక నిమిషం ఆలోచించుకొని, రెండు నిమిషాలు ఆపకుండా దాని గురించి మాట్లాడాలి. పరీక్ష పెట్టేవాళ్లు మధ్యలో నోరు మెదపరు. అది వాళ్ల నియమం.

"రెండు మాటలు చెప్పినా. ఆయమ్మ నా మొగమే చూస్తాంది గానీ ఊ ల్యా, ఆ ల్యా. ఏం తప్పు చెప్తాండానో అనుకున్యా. ఆగిపోయినా. మళ్ల నోరు లేయల్యా."

నాకు నవ్వు రాలేదు. మా వైపు ఎవరైనా ఏదైనా చెప్పేది ఎదుటివాళ్లు ఊ కొడుతుంటేనే. ఊ ఆగితే చెప్పేవాళ్లు ఆగడం మర్యాద. మా మర్యాద అక్కడ తప్పయి కూర్చుంది.

రోజూ ఒక క్యూ కార్డ్ తీసుకొని, ఫోనులో మాట్లాడి రికార్డు చేసి పంపమన్నాను. తానుండే హాస్టల్లో గోల కాబట్టి మధ్యాహ్నం, చూడవచ్చిన బంధువులను బయటికి పంపాక, తాను డ్యూటీలో ఉన్న చిన్న గదిలోనే చేస్తానంది. మొదటి రికార్డింగులు కుంటుకుంటూ నడిచాయి. తర్వాత ఉన్నట్టుండి ఆమె మాట దారిలో పడింది. నిమిషం దాటింది, ఒకటిన్నర దాటింది.

"ఏం చేసినావు సువార్తా?"

"నాకేం తెల్దక్కా. వస్తాంది."

ఒకరోజు 'మీ ప్రాంతపు పండుగ' అనే కార్డు ఇచ్చాను. కైరుప్పల పిడకల పండుగ చెప్తానంది. "ఉగాది అయినంక పేడపిడకలతో ఊరంతా కొట్టుకుంటారని చెప్తే మమ్మల్ని రానిస్తారా అక్కా?" అని నవ్వింది కూడా. మరునాడు పూజ ముగించుకొని, ఇంట్లో ఎవరూ లేని మిట్టమధ్యాహ్నం, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆ రికార్డింగు విన్నాను.

ఆమె గొంతు, వెనక ఫ్యాను చప్పుడు. రెండు వర్గాలుగా విడిపోతారు అని ఇంగ్లీషులో చెప్పి ఊపిరి తీసుకుంది. అక్కడ నా చెవిలో ఎవరో "ఊఁ" అన్నారు.

ఇయర్‌ఫోన్లు తీసేసి గదంతా చూశాను. తలుపు గడియ వేసే ఉంది. మళ్లీ పెట్టుకున్నాను. ఆమె ఇంకో వాక్యం చెప్పి ఆగింది. "ఊ." మొదటిది పొడుగు, రెండోది పొట్టి. మాట మీద మాటగా కాదు, సరిగ్గా సందు దొరికినచోట. కథ వినడం బాగా తెలిసిన ముసలి గొంతు.

పాతవి తీసి ఒక్కొక్కటే విన్నాను. ఆమె మాట దారిలో పడినప్పటి నుంచీ ఆ ఊ ఉంది. కుంటుతున్న రోజుల వాటిలో లేదు. స్వామి పటం ముందు కాసేపు కూర్చొని, ఆమెకు ఫోను చేశాను.

"నువ్వు మాట్లాడేటప్పుడు పక్కన ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరక్కా. పేషెంటు ఒకామె ఉంటాది, అంతే. తుగ్గలి పక్క పల్లె. పక్షవాతం. పిలిస్తే పలకదు, గిల్లితే చెయ్యి లాగదు. ఆయమ్మను లెక్క పెట్టుకుంటే ఎట్లా?"

మరుసటి మధ్యాహ్నం నేనే ఆసుపత్రికి వెళ్లాను. మంచం మీద ఈరమ్మ. ఎండకు నల్లబడి, వేరుశనగ చేలల్లో వంగి వంగి గట్టిపడిన చేతులు దుప్పటి మీద కదలకుండా ఉన్నాయి. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఆ రోజు బయటికి పంపకుండా ఉండనిచ్చిన ఆమె కూతురు లక్ష్మక్క గోడవారగా కూర్చొని ఉంది. సువార్త ఎప్పటిలాగే ఫోను దిండు పక్కన పెట్టి, ఒక ప్రయాణం గురించి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నేను ఈరమ్మ పెదాలనే చూస్తూ నిలబడ్డాను. అవి కదలలేదు. ఫ్యాను చప్పుడు తప్ప నాకు ఏమీ వినపడలేదు. లక్ష్మక్కకూ వినపడలేదు.

తర్వాత రికార్డింగు పెట్టాం. ఊఁ. ఊ. సువార్త ఆగిన ప్రతిచోటా.

సువార్త ఫోనుకు దూరంగా జరిగింది. లక్ష్మక్క మాత్రం లేచి ఫోను దగ్గరికి వంగింది.

"మాయమ్మదే. ఇది మాయమ్మ ఊ! ఒగటి పొడుగు, ఒగటి పొట్టి. కళ్లంలో ఎవరు కత చెప్పినా ఇట్లనే కొడతాండె." తల్లి వైపు తిరిగింది. "ఏమ్మా, నేను పొద్దంతా పిలుస్తాంటే పలకవు. ఇంగ్లీసు కతకు ఊ కొడతాండావా? నీకేం తెల్సునే ఇంగ్లీసు?"

ముగ్గురం నవ్వాం. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే మంచం మీద ఏ కదలికా లేదు.

సువార్త డాక్టరుకు వినిపించింది. ఆయన మళ్లీ పరీక్ష చేసి, అది ముక్కులోంచి గాలి పోయే చప్పుడు కావచ్చు, ఫోను దిండు దగ్గరుంది కాబట్టి దానికి అందింది అన్నారు. కావచ్చు. మాటకూ మాటకూ మధ్య సందు చూసుకొని ఆ గాలి ఎట్లా పోయేదో నేను అడగలేదు.

జూన్ చివర్లో, ఇంక చేసేదేమీ లేదు, ఇంట్లోనే చూసుకోండి అని ఈరమ్మను పంపించారు. పుండ్లు పడకుండా ఎట్లా తిప్పాలో నేర్పి, సువార్త తన నంబరు లక్ష్మక్కకు ఇచ్చింది. ఆ రోజు నుంచి రికార్డింగులు మళ్లీ కుంటాయి. ఫోను దిండు పక్కనే పెట్టినా, మంచం ఖాళీ. నిమిషం కూడా నిండలేదు. పరీక్ష దగ్గరికొచ్చేసింది.

"నావల్ల కాదక్కా," అంది ఒకరోజు నా ముందుగదిలో కూర్చొని. "ఊ లేని చోట ఎవరికని చెప్పల్ల?"

గోడమీద నాయన పటం, పక్కన స్వామి పటం. వాటిని చూస్తూ అడిగాను. "మీ ఇంట్లో ప్రార్థన ఎవరు చేస్తారు?"

"మా అత్త. నేనూ చేస్తా."

"ఎంతసేపు?"

"మొదలుపెడితే పొయ్యి మీది అన్నం మెత్తగైపోతాదని మా ఆయన తిడతాడు."

"ఆడ నీకు ఊ ఎవరు కొడతారు?"

ఆమె క్యూ కార్డ్ తీసుకొని మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పాఠాలన్నీ అట్లాగే సాగాయి. నేను పలకని మనిషిలా ఎదురుగా కూర్చున్నాను. ఆమె నన్ను కాక, నా వెనక వినేవారెవరో ఉన్నట్టు మాట్లాడడం నేర్చుకుంది.

జూలైలో బెంగళూరులో పరీక్ష. ఆ మధ్యాహ్నం నేను పూజగదిలోనే ఉన్నాను. ఫోను మోగింది.

"అక్కా, అయింది. 'ఎక్కువసేపు ఎదురుచూసిన సందర్భం' అని వచ్చింది. శనివారం సాయంత్రం ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం ఎదురుచూసేది చెప్పినా. బిడ్డ నిద్రపోకముందే పోవల్లని. పరీక్ష పెట్టేటాయన కదల్యా, మెదల్యా. నాకు ఏం వినపల్యాక్కా. అయినా ఆగల్యా. ఆయనే చాలని చెయ్యెత్తినాడు."

నేను దండం పెట్టుకునేలోపే, "ఇంకొకటుంది," అంది. గొంతు మారింది. "లోపలికి పోయేముందు ఫోను బీరువాలో పెట్టిచ్చుకుంటారు గదా. బయటికొచ్చి చూస్తే లక్ష్మక్క కాల్స్, వరసగా. ఈరమ్మ పెద్దమ్మ పోయిందేమో అనుకున్యా. చేసినా."

"పోయిందా?"

"ల్యాక్కా. బాగుంది. లక్ష్మక్క ఏమనిందంటే, ఇప్పుడే ఇంట్లో ఎవరూ ఏం మాట్లాడకున్నా, రేడియో గూడ ల్యాకున్నా, మాయమ్మ ఉన్నట్టుండి ఊ అనె. గట్టిగా, గడపకాడికి వినపడేట్ల. కాసేపటికి ఇంగొకటి. ఎవరో పక్కన కూసోని కత చెప్తాన్నట్ల. మళ్ల ఊరకుండిపోయింది. నువ్వు ఫోనులో ఏమన్నా చెప్తాంటివేమో అని అడుగుదామని చేసినా, అనిందక్కా."

ఫోనులో బెంగళూరు రోడ్డు చప్పుడు మాత్రం వినపడింది.

పుట్టినరోజుకు ముందే సువార్తకు కావలసిన స్కోరు వచ్చింది. మిగతా పనులకు సమయం పట్టింది గానీ, ఇప్పుడు ఆ ముగ్గురూ కెనడాలో ఒకే కప్పు కింద ఉన్నారు. ఈరమ్మ మరో ఏడాది ఉండి, పంట ఇంటికొచ్చిన రోజుల్లో వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం తర్వాత ఆమె మళ్లీ ఊ అనలేదని లక్ష్మక్క చెప్పింది.

అప్పటి నుంచి క్యూ కార్డ్ పాఠం రోజున విద్యార్థుల ఎదుట నేను పెదవి కదపను. వాళ్లు బెదిరిపోతే, చెబుతూ పోండి, వినేవారున్నారు అంటాను. డాక్టరు చెప్పినట్టు అది గాలే కావచ్చు. నాకు మాత్రం ఏళ్లుగా చేస్తున్న పూజ ఆ కేసుతో కొత్తగా అర్థమైంది. పొద్దున్నే స్వామి ముందు కూర్చొని నాయన గురించి, పిల్లల స్కోర్ల గురించి, నాకు జరిగిన మేళ్లన్నిటి గురించి చెప్పుకుంటాను. ఒక మాట చెప్పి, కాస్త ఆగి, గదిలోని నిశ్శబ్దంలోకి చెవి పెడతాను.

ఏమీ వినపడదు. అయినా ఆగను.