సరళక్క తాగిన నీళ్లు

నిన్న జనగామలో ఒక క్లినిక్‌లో చెప్పులు విప్పి మిషన్ ఎక్కాను. అరికాళ్లకు ఇనుప రేకుల చల్లదనం తగిలింది. ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత, నీళ్లెంత అని లెక్క చెప్పే మిషన్ అది. "ఏమన్న తిన్నరా మేడం? నీళ్లు తాగిన్రా? తాగితే లెక్క తప్పొస్తది, జరసేపు ఆగుదాం" అన్నది అక్కడి అమ్మాయి. ఎంత మామూలు ప్రశ్న! సరళక్కను ఆ ఒక్క మాట ముందుగా అడిగే మనిషి ఆనాడు లేకపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను మరిపెడ బడిలో కొత్తగా చేరినప్పుడు సరళక్క అక్కడ ఆటల టీచరు. కబడ్డీ పోటీలకు పిల్లలను బరువు చూసి తీసుకునేవాళ్లు. ఒకసారి బరువెక్కువుందని మా పిల్లనొకదాన్ని పక్కన నిలబెట్టారు. ఆ పిల్ల అప్పుడే కడుపునిండా తిని వచ్చింది. "తిన్న అన్నం కూడ పిల్ల బరువేనా సార్? రేపు పరిగడుపున తూకం వెయ్యుండ్రి" అని అక్క మైదానంలోనే కూర్చుంది. మర్నాడు పిల్ల ఆడింది. అన్యాయం జరిగినచోట గొంతు తగ్గించకూడదని నేను నేర్చుకున్నది అక్కడే.

తెలంగాణ ఉద్యమంలో అక్క మహబూబాబాద్ శిబిరంలో ఆమరణ దీక్షకు కూర్చుంది. నీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు. నేను పక్కనే ఉన్నాను. అధికారులు పంపిన డాక్టరు ఇలాంటి మిషనే తెచ్చి రోజూ తూకం వేసేవాడు. ఒకరోజు అతను వచ్చేసరికి అక్క అప్పుడే చెంబెడు నీళ్లు తాగి ఉంది.

"నిన్నటికన్నా బరువు పెరిగిందే! కొవ్వూ పెరిగింది. రాత్రి ఏం తిన్నారండీ?" అని అందరి ముందూ నవ్వాడు.

"గిప్పుడే నీళ్లు తాగిన సార్. నీళ్లకు బరువుండదా?"

"మిషన్ అబద్ధం చెప్పదమ్మా."

కడుపులోనే ఉండి ఇంకా ఒంటికి పట్టని నీళ్లను మిషన్ కొవ్వు కిందే కట్టిందని అతనికి తెలియదా? తెలుసుకోవాలని అనిపించలేదు, అంతే. పొద్దుగూకేలోగా "దొంగ దీక్ష" అన్న మాట ఊరంతా పాకింది.

అక్క నీళ్లు మానేసింది. "జర తాగక్కా" అని బతిమాలాను.

"మల్ల తూకం అయ్యేదాక తాగ. నన్నొక్కదాన్నే అన్లే, గీడ కూసున్నోళ్లందరినీ దొంగలన్నడు."

మర్నాడు బరువు దిగింది. "ఇప్పుడు నమ్మొచ్చు" అన్నాడు డాక్టరు. మిషన్ మీంచి దిగుతూనే అక్క కుప్పకూలింది.

దవాఖానలో ప్రాణం దక్కింది గానీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. రాష్ట్రం వచ్చింది. అక్క మళ్లీ పిల్లలతో పరుగెత్తలేదు. ఆ డాక్టరు గానీ, దొంగ అన్నవాళ్లు గానీ, ఒక్కరూ వచ్చి తప్పయిందని అనలేదు. "మిషన్ ఏం జేసిందే? దానికేం దెలుసు? నా మాట ఇననోళ్ల మీదనే నా కోపం" అన్నది అక్క, మంచం మీద పడుకొని.

ఇప్పుడు నేను ఆ బడికే హెడ్‌మిస్ట్రెస్‌ని. ఏ పిల్లనైనా దొంగ అని నా గదికి తీసుకొస్తే, తెచ్చినవాళ్లను బయట నిలబెట్టి, ముందు ఆ పిల్లను కూర్చోబెట్టి అడుగుతాను. కోపిష్టిదాన్నని వెనక అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ కోపం నాకు అక్క ఇచ్చింది, చల్లారనివ్వను.