తిరగేసి చూసే పెదనాన్న

మా పెదనాన్న నేతపనివారు. ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేసి వెనకవైపే చూసేవారు. "మొహం అందరూ కడుక్కుంటారమ్మా" అనేవారు.

యుద్ధం ముగిశాక, పటాలం నుంచి వచ్చిన మా మేనమామ సింగపూర్‌లో కొన్న జపాను పట్టు తెచ్చాడు. అక్కడి ఆడవాళ్ళు తొడుక్కునే కిమోనోల గుడ్డ. ఎర్రటి నేల మీద పెద్ద తెల్లపూలు. గుడ్డ వెడల్పు మూరెడు కూడా లేదు, చీరకు పనికిరాదు. గవర్నర్‌పేటలో బట్టల కొట్టాయనకు చూపిస్తే, "పైన వేసిన అద్దకమేనండీ, రవికెలకు కోసేసుకోండి" అన్నాడు. అమ్మ కత్తెర తీసింది.

పెదనాన్న గుడ్డ అందుకుని తిరగేశారు. వెనకా అవే పూలు, అంతే ఎరుపు.

"అద్దకం కాదు. దారానికి ముందే రంగులేసి, పువ్వు చెదరకుండా నేశారు. మనం దారానికి ముడులేసి, రంగులో ముంచి నేసే రుమాళ్ళ పనే ఇది."

"మన మీద బాంబులేసినోళ్ళది బావగారూ" అన్నాడు మామయ్య.

పెదనాన్న పూల మీద వేలితో తడుముతూ పోయారు. ఒక పూరేకు దగ్గర ఆయన వేలు ఆగింది. అక్కడ అంచు వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది.

"ఇక్కడ నేసేవాళ్ళని ఎవరో పిలిచుంటారు. మగ్గం మీంచి లేచెళ్ళి, మళ్ళీ వచ్చి కూచున్నట్టుంది" అన్నారు, పక్కింటి మనిషి సంగతి చెబుతున్నట్టు.

అమ్మ కత్తెర పెట్లో పెట్టేసింది.