కుందేళ్ళకి కానాగంతల వల

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిన ప్రాణుల్లో, కోసుకోవడానికో అమ్ముకోవడానికో కాకుండా ఊరికే చూసుకోవడానికి వచ్చినవి ఆ రెండు కుందేళ్ళే. మాది కళింగపట్నం. మా నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు, మా అమ్మ చేపలు ఎండబెట్టేది, మా తాత వలలు బాగుచేసేవాడు. ఇంటి ముందంతా ఇసుక, ఆ ఇసుక మీద చేపలు, చేపల చుట్టూ కాకులూ కుక్కలూ. అలాంటి చోట కుందేళ్ళని పెంచుతానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వారు కూడా. నాకప్పుడు పదేళ్ళు, ఎవరు నవ్వితే నాకేం.

వాటిని తెచ్చింది మా మావయ్య. ఎండు చేపల గంపలతో కోటబొమ్మాళి సంతకి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఖాళీ గంపలో వీటిని వేసుకొచ్చాడు. ఆ వాసనకి అవి రెండు రోజులు తుమ్ముతూనే ఉన్నాయి. కుందేలు తుమ్ముతుందని నాకు అంతవరకూ తెలియదు. ఒకటి ఒళ్ళంతా తెలుపు, దానికి తెల్లమ్మ అని పేరు పెట్టాను. రెండోదానికి ముక్కు మీద నల్ల మచ్చ ఉండేది, అది మచ్చోడు. మా ఇంటి వెనక పడున్న చెక్కపెట్టె ఒకటి కడిగి, గడ్డి పరిచి, వాటికి ఇల్లు చేశాను.

ఆ నాలుగైదు నెలలు నా అంత సుఖంగా ఊళ్ళో ఎవరూ లేరనుకుంటాను. బడికి వెళ్ళేముందు గరిక కోసుకొచ్చేదాన్ని. పొలాలున్న వాళ్ళ గట్ల మీద చిలగడదుంప తీగ దొరికితే ఆ రోజు పండగే. ఆకుని కొసనుంచి లోపలికి లాక్కుంటూ అవి నమిలే చప్పుడు వింటూ కూర్చుంటే నాకు తిండి కూడా గుర్తొచ్చేది కాదు. మచ్చోడు నా కాళ్ళ చుట్టూ గిర్రున తిరిగేవాడు. తెల్లమ్మని ఒళ్ళో పెట్టుకుంటే దాని గుండె నా అరచేతికి తగిలేది. ఇంట్లో ఎవరూ నన్ను అంత నమ్మి అంతసేపు నా దగ్గర కూర్చోలేదు మరి.

ఇక మా తాత సంగతి చెప్పాలి. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషి. నిజంగానే కుందేళ్ళు ఇంటికొచ్చాక ఆ మాట అని మా అమ్మ ఆయన్ని ఇంకా ఎక్కువ ఏడిపించేది. ఆయన ఎడమచేతికి చిటికెన వేలు లేదు. కుర్రతనంలో తెప్ప మీద లంగరు వేస్తుంటే, తాడు మడతలో వేలు ఉండిపోయింది. వాళ్ళ నాన్న చూశాడట. చూసి కూడా నోరు విప్పలేదట. తాడు బిగిసింది, వేలు పోయింది. ఆ తరవాత తాడు దగ్గర ఒక్కసారీ తప్పు చెయ్యలేదని మా తాత ఎంతో గొప్పగా చెప్పుకునేవాడు. మా వాళ్ళలో పని నేర్పే పద్ధతి అదే. కొత్తగా తెప్ప ఎక్కినవాడికి పెద్దవాళ్ళు ఏదీ చెప్పరు. చెయ్యి కాలనిస్తారు, కాలు జారనిస్తారు. చెప్పడానికి సముద్రం ఉందిగా, మనమెందుకు అంటారు.

తెల్లమ్మ ఈనేముందు తన గుండెల మీద బొచ్చు తనే పీక్కుని పరుపు చేసుకుంది. పొద్దున చూస్తే ఆ బొచ్చులో నాలుగు పిల్లలు, కళ్ళు తెరవనివి, ఒంటి మీద నూగైనా లేనివి. ముట్టుకోబోతుంటే పక్కింటి అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సేపల సేతుల్తో ముట్టకే. వాసన మారితే తల్లి ఒగ్గేస్తాది" అంది. ఆ ఒక్క మాటకి నేను పది రోజులు చేతులు వెనక కట్టుకుని దూరం నుంచే చూశాను. నాలుక్కి నాలుగూ బతికాయి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

మూడు వారాలకి అవి పెట్టెలోంచి బయటికి గెంతడం మొదలుపెట్టాయి. అప్పుడు మొదలైంది నా భయం. చేపల కోసం తిరిగే కుక్కలు ఊరంతా ఉన్నాయి, ఒక్క నోటికి ఒక్క పిల్ల సరిపోతుంది. పెట్టెలోనే మూసి ఉంచితే ఎండకి రొప్పుతున్నాయి. ఇంటి పక్కన కొబ్బరి నీడలో కాస్త గడ్డి ఉండేది. అక్కడ సరుగుడు కర్రలు పాతి చుట్టూ వల కడితే కుక్కలు రావు, పిల్లలు పోవు అని నాకు తోచింది. చేపల వాళ్ళింటి పిల్లకి కంచె అంటే వలే కదా, ఇంకేం తోస్తుంది.

మా తాత దగ్గరికి వెళ్ళి ముక్క వల అడిగాను. ఏ వల కావాలే అన్నాడు. పాకలో రెండు ముక్కలు ఉన్నాయి. ఒకటి కవళ్ళనే చిన్న చేపలు పట్టే నూలు వల, కన్ను బాగా సన్నం, కంపు కొడుతూ నల్లగా ఉంది. రెండోది జానెడు కానాగంత చేపలు పట్టే నైలాను వల, కన్ను కాస్త పెద్దది. నైలాను మా ఊరికి అప్పుడప్పుడే వస్తోంది, పచ్చగా నిగనిగలాడుతోంది. నేను నైలాను వల చూపించాను. మా తాత ఆ వల కన్నుని వేలితో ఒకసారి లాగి చూశాడు. తరవాత లేచి పెట్టె దగ్గరికొచ్చి, ఒక పిల్లని అరచేతిలోకి తీసుకున్నాడు. రెండు వేళ్ళు దాని తల మీద అటూ ఇటూ ఆనించి, చెవుల దాకా జరిపి, మళ్ళీ పెట్టెలో వదిలేశాడు. ముద్దు చేస్తున్నాడనుకుని నేను మురిసిపోయాను. కర్రలు కూడా ఆయనే పాతిపెట్టాడు.

అది ఆదివారం. ముందురోజు చేపలు బాగా పడ్డాయి, వాటిని తిరగేసి ఆరబెట్టడానికి మా అమ్మ నన్ను రేవు వైపు తీసుకెళ్ళింది. వెళ్ళేముందు తెల్లమ్మనీ పిల్లల్నీ వల లోపల వదిలాను. మచ్చోడు పెట్టెలోనే ఉన్నాడు. మా తాత ఇరవై అడుగుల దూరంలో పాకలో వల ముందేసుకుని కూర్చున్నాడు. "తాతా, కుక్కలొస్తే అదిలించు" అన్నాను. "సూస్తాన్లే, ఎల్లు" అన్నాడు.

కానాగంతల వల ఎలా పనిచేస్తుందో మా ఇంట్లో పుట్టిన పిల్లగా నాకు తెలిసుండాలి. చేప కన్నులో తల దూరుస్తుంది. తల వెళ్తుంది, ఒళ్ళు వెళ్ళదు. వెనక్కి రాబోతే మొప్పలకి దారం తగులుకుంటుంది. ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది. నేను రోజూ ఆ వలలోంచి చేపలు విడిపించినదాన్నే. కుందేలుకి మొప్పలు లేవు, కానీ చెవులున్నాయి. ముందుకి వెళ్ళేటప్పుడు వెనక్కి వాలతాయి, తిరిగొచ్చేటప్పుడు అడ్డం పడతాయి. కంచె అవతల గడ్డి ఇవతల గడ్డి కన్నా పచ్చగా ఉంటే ఏ పిల్లయినా తల పెడుతుంది.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేసరికి మూడు పిల్లలు వలకి వేలాడుతున్నాయి. నాలుక బయటికొచ్చింది, కళ్ళు ఉబ్బిపోయాయి, వెనక కాళ్ళు తన్ని తన్ని కింద ఇసుకలో గుంటలు పడ్డాయి. నాలుగోది కూడా వలలోనే ఉంది, డొక్కలు ఎగురుతున్నాయి. దాని పక్కన తెల్లమ్మ కూర్చుని దారం కొరుకుతోంది. అప్పటికే రెండు పోగులు తెంపేసింది. పిల్ల కోసం కొరికిందో, అలవాటుగా కొరికిందో నాకు తెలియదు. ఆ రెండు పోగులు తెగబట్టే దాని పీకకి కాస్త ఊపిరి అందింది.

కత్తి కత్తి అని అరుస్తూ పాకలోకి పరిగెత్తాను. కత్తి మా తాత పక్కనే ఉంది, పిడి నావైపు తిప్పి పెట్టి ఉంది. అందించాడు. తొందరలో దారం బదులు పిల్ల మెడ మీద గీత పడింది, అయినా అది బతికింది. మిగిలిన మూడింటినీ కూడా కోసి విడిపించాను. ఒకటి అప్పటికే చల్లబడిపోయింది. రెండోది వెచ్చగానే ఉంది. చివరిదాని ఒళ్ళు ఎంత వెచ్చగా ఉందంటే, నేనింకా బతికే ఉందనుకుని దాని మూతిలోకి ఊదాను.

ఆ మూడింటి వేడీ మూడు రకాలుగా ఉండేసరికి నాకు అనుమానం వచ్చింది. తాతా, ఎప్పుడు పడ్డాయి అని అడిగాను. అబద్ధం చెప్పుంటే నేను ఆయన్ని క్షమించేసి ఉండేదాన్ని. మా తాత అబద్ధం ఆడడు.

"పొద్దెక్కినప్పుడు ఒకటి. అన్నంపొద్దుకి ఒకటి. నువ్వొచ్చే ముందు ఆ సివర్ది" అన్నాడు.

"మరి సెప్పనేదేటి?"

"సెప్తే గుర్తుండదే గుంటా. సూస్తే సచ్చిందాకా ఉంటాది."

కుక్కలు రెండుసార్లు వచ్చాయట. రెండుసార్లూ ఆయన లేచి రాళ్ళేసి తరిమాడట. ఆ మాట పక్కింటి అక్క చెప్పింది. నేను చూడమన్నది చూశాడన్నమాట. మా అమ్మ గంప దింపి ఆ వలనీ నన్నూ చూసింది. మామగారి ముందు ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి, ఆ రోజు కూడా ఎత్తలేదు. "ఆడగుంటకేటి మావా ఈ పాటం. అదేటి తెప్పెక్కుతాదా?" అని మాత్రం అంది. మా తాత తల వంచుకుని తెగిన కన్నులు అల్లుకోవడం మొదలుపెట్టాడు. నేను కోసిన వలే అది.

మూడింటినీ సరుగుడు తోటలో ఇసుక తవ్వి పాతాను. లోతుగా తవ్వాలని నాకు తెలియదు, చెప్పినవాళ్ళూ లేరు. మర్నాటికి కుక్కలు తవ్వేశాయి. తెల్లమ్మ రెండు రోజులు గడ్డి ముట్టలేదు. బతికిన పిల్లకి మెడ చుట్టూ దారమంత సన్నగా ఒక గీత మిగిలింది, అక్కడ మళ్ళీ బొచ్చు రాలేదు. దాన్ని చూడలేక, నెల తిరక్కుండా అన్నిటినీ మావయ్య గంపలో పెట్టి నేనే సంతకి పంపేశాను. మా తాతతో ఆరు నెలలు మాట్లాడలేదు. ఆయన దానికి బాధపడినట్టు నాకు కనిపించలేదు.

ఇన్నేళ్ళలో ఆయన మీద నా కోపం చల్లారలేదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. పోయినప్పుడు ఏడ్చాను, అది వేరు. ఆయన పాఠం పనికిరాకపోయి ఉంటే మర్చిపోయేదాన్నేమో. పనికొచ్చింది, అదే నా మంట. ఏ వస్తువు చేతికొచ్చినా ఇది అసలు దేని కోసం పుట్టింది, దేన్ని పట్టుకుంటుంది అని చూసుకోకుండా వాడను. ఉయ్యాల తాడు కట్టినా, నూతి మీద మూత వేసినా, పసిపిల్లల మెడలో గొలుసు వేసినా అదే చూపు. నా చేతిలో పెరిగిన పిల్లల్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అయితే పక్కింటి అక్క చెప్పిన మాట కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది కదా. దాన్ని గుర్తుంచుకోవడానికి ఏ పిల్లా చావలేదు. చెప్తే గుర్తుండదని మా తాతకి ఎవరు చెప్పారో, ఆయన్ని అడగాలని అప్పుడు తోచలేదు. చిటికెన వేలు ఖర్చు పెట్టి కొనుక్కున్న మాటని ఆయన అబద్ధం అనుకోలేకపోయాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. అనిపించినంత మాత్రాన కోపం పోదు.

మొన్న మా అమ్మాయి ఇంటికి శ్రీకాకుళం వెళ్ళాను. మా మనవరాలు బాల్కనీలో కుందేళ్ళని పెంచుతోంది. ఐదు పిల్లలు, సరిగ్గా ఆ వయసువే. పావురాలు రాకుండా బాల్కనీకి వల బిగించారు, పచ్చటి నైలాను వల. ఒక పిల్ల గెంతుకుంటూ వల దగ్గరికి వెళ్ళి మూతి ఆనించి వాసన చూస్తోంది. నేను పక్కదాన్ని చేతిలోకి తీసుకున్నాను. నా రెండు వేళ్ళు వాటంతటవే దాని తల మీద అటూ ఇటూ ఆని, చెవుల దాకా జరిగాయి. సరిపోతుంది. తల వెళ్తుంది, తిరిగి రాదు.

మనవరాలు ఫోన్ చూసుకుంటోంది. నేను నోరు తెరవలేదు. ఎంతసేపు తెరవలేదో చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోదు అనే మాట, నా గొంతులో, నా మాటలాగే వినిపించింది. కళ్ళ ముందు ఆ పిల్ల చెవులు వెనక్కి వాల్చింది.

"ఒసే, ఆ వల కన్నులో తల దూరుస్తాదే, సచ్చిపోతాది. ఏటైనా అడ్డం పెట్టు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, మనవరాలు ఉలిక్కిపడింది.

"నువ్వు అన్నిటికీ భయపడతావ్ అమ్మమ్మా" అంటూనే లేచి, అట్టపెట్టె చింపి, వల అడుగున వరసగా నిలబెట్టింది. నేను కూడా వంగి తాడుతో కట్టాను. నడుం పట్టేసింది. సాయంత్రానికి ఆ అట్ట ఎందుకు పెట్టిందో కూడా దానికి గుర్తు లేదు, ఆడుకోవడానికి తీసేయబోయింది. మళ్ళీ చెప్పాను. రేపు మర్చిపోతే ఫోన్ చేసి చెప్తాను, ఎల్లుండి మర్చిపోతే ఎల్లుండీ చెప్తాను. పిల్లలు ఐదూ ఉన్నాయి.